విప్పిన గొట్టాలు: పాత కారు గేరుబాక్సు మార్పిడిలో కొన్ని మెలకువలు

తెలుగు పాఠాలు చెప్పుకునే వారికి మోటారు కార్ల ముచ్చట ఎందుకని విద్యార్థులు అనుకోవచ్చు. ఈ వ్యాసానికి కారణం ఒక అట్టపెట్టె. గత వేసవిలో మా పట్టణం శివార్లలోని ఒక మెకానిక్ షెడ్డులో దానిని చూచాము. అందులో నల్లని రబ్బరు గొట్టాలు, రెండు చిన్న స్విచ్చులు, రాగి తీగల చుట్ట, ఒక ఇత్తడి మూత పడి ఉన్నాయి. పక్కనే 1970వ సంవత్సరపు షెవ్రొలె కారు నిలిచి ఉన్నది. దాని యజమాని తండ్రిగారు అమెరికాలో ఉద్యోగం చేసి, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకున్న కారు అది. దాని ఆటోమేటిక్ గేరుబాక్సు పాడైతే, బంధువు ఒకరు దుబాయి నుంచి పంపిన మరొక గేరుబాక్సు బిగించారు. బిగించేటప్పుడు అడ్డం వచ్చినవన్నీ ఆ అట్టపెట్టెలోకి చేరాయి.

“ఇవన్నీ అమెరికా పొగ చట్టానికి పెట్టిన్రు సార్, మన దిక్కు వీటితోని ఏం పని?” అన్నారు ఉస్తాదు. ఆయన ఇరవై ఏండ్లు గల్ఫులో పనిచేసి వచ్చిన నిపుణులు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే మరుసటి వారమే ఆ కారు శ్రీశైలం ప్రయాణమై, అచ్చంపేట చేరకముందే రేడియేటరులో నీళ్లు మరిగి ఆగిపోయింది. పనిలేనివని తీసివేసిన వస్తువులకూ, మరిగిన నీళ్లకూ సంబంధమేమిటి? ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ మేమూ, మా కళాశాల భౌతికశాస్త్ర విద్యార్థులు ఇద్దరూ ఆ షెడ్డులో నాలుగు సాయంత్రాలు గడిపాము. అప్పుడు నేర్చుకున్న సంగతులను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పొగ చట్టం ఎందుకు పుట్టింది?

అమెరికాలోని లాస్ ఏంజిలెస్ నగరాన్ని 1943 నుంచి గోధుమరంగు మంచు వంటి పొగ కమ్ముకోసాగింది. కండ్లు మండేవి, గొంతు గరగరలాడేది. 1950ల ఆరంభంలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త దీని మర్మం విప్పారు. కార్ల నుంచి వెలువడే సగం కాలిన పెట్రోలు ఆవిరీ, నత్రజని ఆక్సైడులూ ఎండలో కలిసి కొత్త విషవాయువులుగా మారుతున్నాయని ఆయన తేల్చారు. కంటికి కనబడే నల్లపొగ ఒక్కటే దోషి కాదని లోకానికి అప్పుడు తెలిసింది.

పెట్రోలు కారు నుంచి ముఖ్యంగా మూడు హానికర వాయువులు వెలువడతాయి. మొదటిది కార్బన్ మోనాక్సైడు. రంగూ వాసనా లేనిది. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడిపితే మనిషి ప్రాణమే తీయగలదు. రెండవది కాలకుండా మిగిలిన హైడ్రోకార్బనులు, అంటే పెట్రోలు ఆవిరి. మూడవది నత్రజని ఆక్సైడులు. మొదటి రెండూ పెట్రోలు సరిగా కాలకపోతే పుడతాయి. మూడవది మాత్రం ఇంజను లోపల మంట మరీ వేడెక్కినప్పుడు పుడుతుంది. కాబట్టి ఒకదానిని తగ్గించబోతే మరొకటి పెరిగే ప్రమాదం ఉంది. పాత కారులో అన్ని గొట్టాలూ, అన్ని స్విచ్చులూ ఉండడానికి కారణం ఈ చిక్కే.

1961లో కాలిఫోర్నియాలోనూ, 1963 నాటికి అమెరికా అంతటానూ కొత్త కార్లకు పి.సి.వి. కవాటం వచ్చింది. ఇంజను అడుగుభాగంలో పేరుకునే ఆవిరిని బయటకు వదలక, తిరిగి సిలిండర్లలోకే పంపి కాల్చడం దాని పని. 1968 మోడలు కార్ల నుంచి దేశమంతటికీ ఒకే ప్రమాణాలు అమలయ్యాయి. 1970లో కఠినమైన స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. 1975 మోడళ్లలో కెటాలిటిక్ కన్వర్టర్ చేరింది. 1960ల నడుమ నుంచి 1975 వరకు తయారైన కార్లలో కన్వర్టర్ లేదు గనుక, ఇంజను నడకనే సవరించి విషవాయువులను తగ్గించవలసి వచ్చేది. మా కథలోని కారు ఆ కాలానిదే.

మన మెకానిక్కులకు ఈ విద్య ఎందుకు అందలేదు?

ఇందులో మన ఉస్తాదుల తప్పు లేదు. మన రోడ్లమీద తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో చేతితో మార్చే గేర్లే ఉండేవి. వాటికి చాలాకాలం వరకు పొగ నియంత్రణ పరికరాలంటూ చెప్పుకోదగినవి లేవు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లోనూ, దాని కింద కేంద్ర నియమావళి 1989లోనూ వచ్చాయి. 1995లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కెటాలిటిక్ కన్వర్టరును తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి ఆరు ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అంటే, అమెరికా కార్లలో 1970 నాటికే ఉన్న ఈ ఏర్పాట్లు మన కార్ఖానాలలో నేర్చుకునే అవకాశమే మనవారికి రాలేదు. మన ఉస్తాదు గల్ఫులో బాగుచేసిన అమెరికా కార్లలో సైతం ఈ గొట్టాలున్నవి తక్కువేనట.

నిప్పురవ్వకూ గేరుకూ ఉన్న బంధం

పెట్రోలు ఆవిరి సిలిండరులో ఒక్కసారిగా భగ్గుమనదు. నిప్పురవ్వ పడిన తర్వాత మంట వ్యాపించడానికి కొంత వ్యవధి పడుతుంది. అందుచేత పిస్టన్ పైకి పూర్తిగా చేరకముందే రవ్వ పడాలి. పండుగనాడు అతిథులు వచ్చే వేళకు అన్నం సిద్ధం కావాలంటే ముందుగానే పొయ్యి రాజేస్తాము గదా! ఇదీ అటువంటిదే. ఇంజను మీద భారం తక్కువగా ఉండి, యాక్సిలరేటరును తేలికగా తొక్కినప్పుడు సిలిండరులోకి వెళ్లే ఇంధన మిశ్రమం పలుచన. అది మెల్లగా కాలుతుంది. కాబట్టి రవ్వ మరింత ముందుగా పడాలి. ఆ పని చేసేది డిస్ట్రిబ్యూటరుకు పక్కన ఉండే చిన్న డబ్బా. కార్బొరేటరు వైపు నుంచి ఒక రబ్బరు గొట్టం వాక్యూమును దానికి చేరవేస్తుంది. వాక్యూము లాగినకొద్దీ రవ్వ ముందుకు జరుగుతుంది. దీనినే వాక్యూం అడ్వాన్సు అంటారు.

రవ్వ ముందుగా పడితే పెట్రోలు పొదుపు, ఇంజను చల్లన. కాని మంట తీవ్రత పెరిగి నత్రజని ఆక్సైడులు ఎక్కువవుతాయి. జనరల్ మోటార్స్ సంస్థ 1970 మోడలు కార్లలో దీనికొక ఉపాయం చేసింది. ఊరి వీధులలో కారు చిన్న గేర్లలో తిరుగుతుంది, జనం గాలి పీల్చేదీ అక్కడే. కనుక చిన్న గేర్లలో ఆ రబ్బరు గొట్టాన్ని మూసివేసి, పై గేరు పడగానే తెరిచే ఏర్పాటు చేశారు. చెరువు తూముకు తలుపు వేసినట్లు ఆ గొట్టం నడుమ ఒక సొలినాయిడ్ కవాటం ఉంటుంది. దానికి ఆజ్ఞ ఇచ్చే స్విచ్చు గేరుబాక్సుకే బిగించి ఉంటుంది. పై గేరు పడిందని ఆ స్విచ్చుకు తెలిపేది గేరుబాక్సులోని నూనె పీడనం. ఇంజను మరీ వేడెక్కితే మరొక స్విచ్చు అడ్డుపడి, ఏ గేరులో ఉన్నా తూము తెరిపిస్తుంది. ఈ వేడిమి స్విచ్చును కారుకు కాపలాదారు అనవచ్చు. ఫోర్డు, క్రైస్లర్ కార్లలో కూడా ఆ రోజులలో ఇటువంటి ఏర్పాట్లే ఉండేవి, స్విచ్చుల తీరు మాత్రం వేరు.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో పాఠకులకు స్ఫురించే ఉంటుంది. పొగకు సంబంధించిన స్విచ్చు పొగగొట్టం దగ్గర లేదు, గేరుబాక్సుకు ఉంది. గేరుబాక్సు మార్చినవారు తమకు తెలియకుండానే నిప్పురవ్వ వేళను మార్చివేశారు.

మా కారులో ఏమి జరిగింది?

పాత గేరుబాక్సు టర్బో-హైడ్రామాటిక్ 350 రకం, మూడు గేర్లది. దుబాయి నుంచి వచ్చినది 1982 నుంచి వాడుకలోకి వచ్చిన 700ఆర్4 రకం, నాలుగు గేర్లది. పాతదాని మొదటి గేరు నిష్పత్తి 2.52, పై గేరు 1.00. కొత్తదాని మొదటి గేరు 3.06, నాలుగవ గేరు 0.70. అంటే బయలుదేరేటప్పుడు బలం ఎక్కువ. హైవేమీద అదే వేగానికి ఇంజను సుమారు ముప్పై శాతం తక్కువ తిరిగితే చాలు. ఈ లాభం కోసమే చాలామంది ఈ మార్పు కోరుకుంటారు.

కారు మరిగిపోయి తిరిగి వచ్చిన తర్వాత మా విద్యార్థులు కంపెనీ వర్క్‌షాపు పుస్తకంలోని పటాన్ని ముందు పెట్టుకుని, ఉస్తాదుతో కలిసి ఒక్కొక్క తీగనూ ఒక్కొక్క గొట్టాన్నీ వేలితో పట్టుకుని వెదికారు. మూడు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, పాత గేరుబాక్సు స్విచ్చు నుంచి తెగిన తీగ కొస చాసిస్ ఇనుముకు తగులుతున్నది. ఆ మోడలులో తీగ ఇనుముకు తగలడమంటే ‘చిన్న గేరులో ఉన్నాము’ అని చెప్పడమే. కాబట్టి కారు ఏ గేరులో ఉన్నా తూము మూసుకునే ఉన్నది, రవ్వ ఆలస్యంగానే పడుతున్నది. రెండవది, వేడెక్కినప్పుడు కాపాడవలసిన స్విచ్చు అట్టపెట్టెలో విశ్రాంతి తీసుకుంటున్నది. ఆ ఇత్తడి మూత దాని చోటును మూసే మూతకు జత. మూడవది, పాత గేరుబాక్సుకు ఇంజను నుంచి వాక్యూం అందించిన గొట్టం నోటిలో గుడ్డ కుక్కి ఉన్నది. దాని సందుల నుంచి గాలి దూరి ఇంధన మిశ్రమం పలుచనై, ఇంజను మరింత వేడెక్కింది. గోరుతో పోయేది గొడ్డలి దాకా రావడమంటే ఇదే.

ఉస్తాదు ఆ తీగ కొసను చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “పని తెల్వక కాదు సార్, దీని పని తెల్వక తీసిన” అన్నారు. ముప్పై ఏండ్ల అనుభవమున్న మనిషి ఇద్దరు పిల్లల ఎదుట ఆ మాట అనడానికి ఎంత పెద్దమనసు కావాలో మేము గ్రహించాము.

మార్పిడి చేసేవారు పాటించవలసిన పద్ధతి

మొట్టమొదట, వీలైతే పాత గేరుబాక్సునే బాగుచేయించడం ఉత్తమం. అప్పుడు ఏ తీగా కదపనక్కరలేదు. మార్చక తప్పదనుకుంటే విప్పకముందే ప్రతి గొట్టానికీ, ప్రతి తీగకూ చీటీ కట్టాలి. ఏది ఎక్కడ నుంచి ఎక్కడికి పోతున్నదో కాగితం మీద గీసుకోవాలి. ఫోటోలు తీసుకుంటే మరీ మంచిది. బానెట్ కింద అతికించి ఉండే వాక్యూం గొట్టాల పటం చెదరకుండా ఉంటే దానిని కాపాడుకోవాలి.

రెండవది, గేరుబాక్సుకు తగిలించి ఉన్నవాటిని రెండు కుప్పలుగా విడదీయాలి. వాక్యూం మాడ్యులేటరు గొట్టం, కిక్‌డౌన్ తీగ వంటివి గేరుబాక్సు కోసమే ఉన్నవి. కొత్తదానికి అవసరం లేకపోతే తీయవచ్చు. కాని ఇంజను వైపు నోటికి సరైన రబ్బరు మూత పెట్టాలి, గుడ్డ కుక్కరాదు. గేరు స్విచ్చు, వేడిమి స్విచ్చు, సొలినాయిడ్, పి.సి.వి. గొట్టం మాత్రం ఇంజను కోసం ఉన్నవి. వాటిని గేరుబాక్సు మారినా ఉంచాలి.

మూడవది, కొత్త గేరుబాక్సులో పై గేరు నూనె పీడనంతో పనిచేసే స్విచ్చు ఉన్నదేమో చూడాలి. ఉంటే పాత తీగను దానికి కలపవచ్చు. అయితే అది పై గేరులో కలిసే స్విచ్చో, విడిపోయే స్విచ్చో దీపంతో పరీక్షించి తెలుసుకోవాలి. పాత కార్లలో సైతం ఏడాది మారితే ఈ క్రమం తలకిందులవుతుంది. కనుక ఒక కారు మర్మాన్ని మరొక కారుకు వర్తింపజేయరాదు. ఆ మోడలు పుస్తకమే ప్రమాణం. స్విచ్చు పెట్టే వీలు ఏ విధంగానూ లేకపోతే, సొలినాయిడ్ ఎల్లప్పుడూ తెరిచి ఉండేటట్లు చేసి, తీగ కొసకు టేపు చుట్టి భద్రపరచాలి. ఇంజను చల్లగా ఉంటుంది గాని, ఊరి వీధులలో నత్రజని ఆక్సైడులు కొంత పెరుగుతాయి. ఇది చివరి దారి మాత్రమే.

నాలుగవది, 700ఆర్4 వంటి గేరుబాక్సులో కార్బొరేటరుకూ గేరుబాక్సుకూ నడుమ ఒక తీగ ఉంటుంది. దానిని టి.వి. కేబుల్ అంటారు. లోపలి నూనె పీడనాన్ని నిర్ణయించేది అదే. అది వదులైతే క్లచ్చి పళ్లేలు కొద్ది ప్రయాణంలోనే కాలిపోతాయి. లాకప్ క్లచ్చి స్విచ్చుకు వాక్యూం కావలసివస్తే నేరుగా ఇంజను మానిఫోల్డు నుంచి తీసుకోవాలి. డిస్ట్రిబ్యూటరు గొట్టాన్ని కోసి అందులో నుంచి పంచుకోరాదు.

ఐదవది మన ప్రాంతానికి ప్రత్యేకం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బోరునీరు కఠినజలం. దానిని రేడియేటరులో పోస్తే సున్నపు పొర పేరుకుని, వేడిమి స్విచ్చుకు వేడి సరిగా అందదు. కంపెనీ కూలెంటునో, శుద్ధజలాన్నో వాడాలి. అలాగే 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. పాతకాలపు రబ్బరు దానికి ఉబ్బి పగులుతుంది. కాబట్టి పాత గొట్టాల చోట ఇథనాలుకు తట్టుకునే కొత్త గొట్టాలు వేయాలి.

చట్టం చూచేది, చూడనిది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. కాబట్టి పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగడం మేలు. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏండ్లు దాటి, చాసిస్‌లోనూ బాడీలోనూ ఇంజనులోనూ గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి ‘వి.ఎ.’ అక్షరాలతో సంఖ్య ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేండ్లు. ఆ వాహనాన్ని ప్రదర్శనలకూ ర్యాలీలకూ నడపవచ్చు గాని రోజువారీ వాడకానికి కాదు. 1970 నాటి కారుకు యాభై ఏండ్లు నిండాయి. ఇంజనుకు అమర్చిన పరికరాలు అట్టపెట్టెలో ఉంటే ‘అసలు రూపం’ అని ఏ ముఖంతో చెప్పగలం?

ఇక పి.యు.సి. సర్టిఫికెట్ సంగతి. పాత నాలుగు చక్రాల పెట్రోలు వాహనాలకు, అంటే భారత్ స్టేజి రెండుకు ముందువాటికి, కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బనులు పది లక్షల పాళ్లలో 1500 పాళ్లు మించరాదు. ఈ పరీక్ష బండి నిలిపి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా చేస్తారు. నత్రజని ఆక్సైడులను ఆ యంత్రం కొలవదు. గేరు పడినప్పుడు ఏమి జరుగుతున్నదో దానికి తెలియదు. మా కారులో గేరు స్విచ్చు తెగిపోయి ఉన్నా, ఆ లోపాన్ని ఆ పరీక్ష పట్టుకోలేదు.

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచిన మాట ఇదే. పరీక్షాధికారి చూడగలిగినంత మేరకే సక్రమంగా ఉంటే చాలునన్న అలవాటు మనలో పెరుగుతున్నది. తనిఖీకి కనబడని చోట పనివాడి తెలివీ, యజమాని నిజాయితీయే కాపలా. కారు పొగను పీల్చేది దాని యజమాని కాదు. కూడలిలో బండి వెనుక నిలబడిన బడిపిల్లలూ, తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునేవారూ దానిని పీలుస్తారు.

ఆ కారు ఇప్పుడు నడుస్తున్నది. కొత్త గేరుబాక్సులో దొరికిన పీడన స్విచ్చుకు పాత తీగను కలిపారు. వేడిమి స్విచ్చు తన చోటికి చేరింది. గుడ్డ పోయి రబ్బరు మూత వచ్చింది. ఆ తర్వాత అదే దారిన అచ్చంపేట దాటి, నల్లమల ఘాటు ఎక్కి శ్రీశైలం పోయి వచ్చింది, నీళ్లు మరగలేదు. అట్టపెట్టెలో పాత మాడ్యులేటరు గొట్టం, కిక్‌డౌన్ తీగ మాత్రమే మిగిలాయి. ఉస్తాదు వాటికి కూడా చీటీ కట్టి, పెట్టె మీద కారు నంబరు రాయించి యజమానికి అప్పగించారు. ఉర్దూలో దీనిని అమానత్ అంటారు, మనకు నమ్మి అప్పగించిన వస్తువు అని అర్థం. పాత యంత్రమైనా, పాత గ్రంథమైనా, పాత ఆచారమైనా మన చేతికి వచ్చినప్పుడు అందులోని ఏ భాగాన్నైనా పనికిరానిదని తీసివేసే హక్కు మనకు ఉండవచ్చు. అది ఏ పని చేస్తున్నదో తెలుసుకున్న తర్వాతనే ఆ హక్కును వాడుకోవాలని విద్యార్థి మిత్రులకు మా మనవి.